ఖాస్రాలో లేని పేర్లు

మా తరిగొప్పుల వైపు భూమి తగాదా ఏది వచ్చినా చివరికి ఒక్క ప్రశ్న దగ్గరికే చేరుతుంది: ఖాస్రాలో ఎవరి పేరుంది? 1954-55లో, నాటి హైదరాబాదు రాష్ట్రంలో రాసిన ఖాస్రా పహాణీ మా రైతులకు ఆదిగ్రంథం వంటిది. అంతకు ముందు ఆ చెలకను ఎవరు చదును చేశారు, ఎవరు బావి తవ్వారు అన్నది ఇళ్ళల్లో చెప్పుకునే కథ మాత్రమే. కచేరీలో దానికి విలువ లేదు. పాత పహాణీలో పట్టాదారుకొక గడి, అనుభవదారుకొక గడి ఉండేవి. 2020లో ధరణి వచ్చినప్పుడు ఆ రెండో గడిని తీసివేశారు. దున్నేవాడు పొలంలోనే ఉన్నాడు, కాగితం మీద మాత్రం అప్పుడు లేకుండా పోయాడు. ఆ గడి కోసమే కదా, ఇక్కడికి దగ్గరలోని పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచింది!

యూదుల మాతృభూమి హక్కును గురించి చదివినప్పుడల్లా నాకు ఈ రెండు గడులే గుర్తుకు వస్తాయి. పోలిక మోటుగా ఉందని పండితులు నవ్వవచ్చు. కాని భూమి గురించి ఆలోచించడానికి మా ఊరు నాకిచ్చిన పనిముట్టు ఇదే.

వాళ్ళ ఖాస్రా చాలా పాతది. ఐగుప్తు రాజు మెర్నెప్తా వేయించిన శిలాశాసనంలో, అంటే సుమారు 3200 ఏళ్ళ క్రితమే, ఇశ్రాయేలు అన్న పేరు ఉంది. పైగా అది శత్రువు రాయించిన సాక్ష్యం. ఆ జాతిని నాశనం చేశానని గొప్ప చెప్పుకుంటూ వాళ్ళ ఉనికిని రాతికెక్కించాడు. 1993లో తేల్ దాన్ తవ్వకాలలో దావీదు వంశాన్ని పేర్కొనే శాసనపు ముక్క దొరికింది. క్రీ.పూ. 586లో బబులోను వారు మొదటి ఆలయాన్ని, క్రీ.శ. 70లో రోమనులు రెండవదాన్ని కూల్చారు. 135లో బార్ కోఖ్బా తిరుగుబాటు అణగిపోయాక యూదయ అన్న పేరునే తుడిచి సిరియా పాలస్తీనా అని మార్చారు. పేరు మార్చిన తరువాత కూడా గలిలయలో యూదులు మిగిలే ఉన్నారు. యెరూషలేము తాల్మూదు కూడా ఎక్కువగా అక్కడి తిబెరియలోనే రూపు దిద్దుకుంది.

ఈ శాసనాలకంటె నన్ను ఎక్కువగా కదిలించినది ఒక వాన ప్రార్థన. పర్ణశాలల పండుగ ముగింపులో యూదులు వాన కోసం ప్రార్థిస్తారు. పస్కా వచ్చేసరికి దాన్ని ఆపి మంచు కోసం ప్రార్థిస్తారు. వాళ్ళు పోలండులో మంచుగడ్డల మధ్య ఉన్నా, యెమెను ఎడారిలో ఉన్నా, కొచ్చిలో ఉన్నా ఆ ప్రార్థన మారలేదు. తాముంటున్న ఊరి కారును కాదు, తాము పోగొట్టుకున్న నేల కారును లెక్కపెట్టుకున్నారు. మన వానాకాలం పంట కోతకు వచ్చే రోజుల్లో అక్కడ తొలకరి మొదలవుతుంది. ఏదో ఒకనాడు ఎవరో కాగితాల కోసం కల్పించిన బంధమైతే, రైతు ఆకాశం వైపు చూసినంత శ్రద్ధగా ఇన్ని వందల ఏళ్ళు నిలుస్తుందా? యూదులకు ఆ నేలతో సంబంధం లేదనేవారితో నేను ఏకీభవించలేకపోవడానికి కారణం ఇదే.

అయితే అనుభవదారు గడి మాటేమిటి? 1947 నవంబరు 29న ఐక్యరాజ్యసమితి పాలస్తీనా విభజనను ఆమోదించినప్పుడు భారతదేశం వ్యతిరేకంగా ఓటు వేసింది. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడిన యుద్ధంలో సుమారు ఏడు లక్షల మంది పాలస్తీనా అరబ్బులు ఇళ్ళు వదలవలసి వచ్చింది. వారిలో చాలామంది తాళంచెవులు దాచుకున్నారు. వారి మనుమలు ఆ తాళంచెవులను ఇప్పటికీ చూపుతారు. ఒకరి స్మృతి నిజమైనంత మాత్రాన మరొకరి ఒలీవ తోట అబద్ధం కాదు. ఈ రెండు గడులను ఒకే కాగితం మీద ఉంచగల పహాణీ ఆ దేశంలో ఇంతవరకు తయారు కాలేదు.

ఇక మన తెలుగువారి సంగతి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో 1991 నుంచి ఒక సినగాగు ఉంది. అక్కడివారు తమను బెనె ఎఫ్రాయిం అని చెప్పుకుంటారు. క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరు వారు ఉత్తర రాజ్యాన్ని కూల్చినప్పుడు చెదిరిపోయిన పది గోత్రాలలో ఎఫ్రాయిము గోత్రం తమదని వారి విశ్వాసం. సమాజం లెక్కలో వారు మాదిగలు. అంతకు ముందు క్రైస్తవులు. ఈ మార్గానికి ఆద్యులు షమూయేలు యాకోబి, సాదోకు యాకోబి అనే సోదరులు. తెలుగుకు హీబ్రూకు మధ్య పోలికలు చూపుతూ షమూయేలు ఒక గ్రంథమే రాశారు. ఆ పోలికలు భాషాశాస్త్రానికి నిలుస్తాయని నేననుకోను. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు ఈ సమూహం మీద 2013లో ఒక పుస్తకం ప్రచురించారు.

వీరిని గురించి మాట్లాడేవారు సాధారణంగా "వీళ్ళు నిజంగా యూదులేనా?" అని అడిగి ఊరుకుంటారు. నాకు మాత్రం డక్కలివారు గుర్తుకు వస్తారు. మా పక్క వాళ్ళు పటం పరిచి, కిన్నెర మీటుతూ మాదిగలకు జాంబపురాణం చెప్పేవారు. భూమి పుట్టకముందే జాంబవుడు పుట్టాడని, అందరికంటె పెద్ద మాదిగేనని ఆ కథ. ఊరి చివర వాడలో ఉంచిన మనిషికి ఊరికంటె ముందే నేనున్నాను అని చెప్పుకోవలసిన అవసరం ఉంది. ఎఫ్రాయిము కథ ఆ అవసరానికే దొరికిన మరొక పటం కావచ్చు. దున్నిన పొలం తమ పేరున లేని జనం, పుట్టిన ఊరిలోనే వెలిగా బతికిన జనం, చెదిరిపోయిన గోత్రాల కథలో తమ ముఖాన్ని చూసుకోవడంలో వింత ఏముంది? యూదుల చరిత్రను అంత దగ్గరగా విన్న చెవులు తెలుగునాట ఇంకెక్కడా లేవేమో!

మణిపురం, మిజోరం కొండల్లోని బ్నెయ్ మెనషె వారిని 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీలలో ఒకరైన ష్లోమో అమార్ లుప్తగోత్ర సంతతిగా అంగీకరించారు. వారిలో వేలమంది ఆ దేశం చేరారు. కొత్తరెడ్డిపాలెం వారికి అటువంటి గుర్తింపు రాలేదు. మెనషె వారు కూడా మతమార్పిడి విధులన్నీ పాటించాకే అక్కడ పౌరులయ్యారు. ఎఫ్రాయిము వారికి ఎప్పుడైనా ఆ దారి తెరుచుకుంటే, తామిదివరకే యూదులమని చెప్పుకుంటున్న వారు కూడా రబ్బీల ముందు కొత్తగా యూదులు కావలసి ఉంటుంది.