బరువుకు ముందు బిగువు

విశాఖ నుంచి వచ్చే రైలు దుర్గ్‌లో దింపుతుంది. అక్కడి నుంచి ఆటోలో భిలాయ్ టౌన్‌షిప్‌లోకి ప్రవేశిస్తే మొదట కనిపించేది ఉక్కు కాదు, చెట్లు. వెడల్పాటి రోడ్లు, వరుస క్వార్టర్లు, పేర్లకు బదులు అంకెలతో పిలిచే సెక్టార్లు. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం ఈ ఊరికి పునాది. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ఇక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. పని వెతుక్కుంటూ ఇక్కడికి చేరినవారిలో ఉత్తరాంధ్ర పల్లెల జనం చాలామంది. సెక్టార్ 5లోని బాలాజీ ఆలయం దగ్గర సాయంత్రం కాసేపు నిలబడితే చాలు, హిందీ మాటల మధ్య నుంచి శ్రీకాకుళం యాస చెవిన పడుతుంది.

నేను వచ్చింది బాబాయిని చూడటానికి. తీసుకెళ్లింది మాత్రం నడుముకు పనికొచ్చే పాఠం.

రెండేళ్ల కిందట ఒక జిమ్‌లో చేరిన మూడో రోజే డెడ్‌లిఫ్ట్‌కు దిగాను. నేల మీదున్న కడ్డీని పట్టుకుని నిటారుగా నిలబడటమే కదా, ఇందులో నేర్చుకునేదేముంది అనుకున్నాను. చెప్పేవారూ లేరు. పక్కనున్న కుర్రాడు 80 కిలోలు ఎత్తాడని నేనూ అంతే వేశాను. కడ్డీ మోకాళ్ల దాకా వచ్చింది. నడుము పట్టేసింది. మూడు వారాల పాటు మంచం దిగాలన్నా ఇంకొకరి చెయ్యి కావలసివచ్చింది. తర్వాత నొప్పి పోయింది గానీ భయం పోలేదు. నాలుగేళ్ల కూతురు ఎత్తుకోమని చేతులు చాచినా, "కూర్చున్నాక ఒళ్లోకి రామ్మా" అనడం అలవాటైపోయింది.

ఈ సంగతి విని బాబాయి నవ్వాడు. ఆయన పట్టాల మిల్లులో రిగ్గర్‌గా చేసి రిటైరయ్యాడు. బరువును క్రేన్ కొక్కేనికి కట్టి, సైగలతో ఎత్తించే పని. భారతీయ రైల్వేలకు కావలసిన పట్టాల్లో సింహభాగం వెళ్లేది భిలాయ్ నుంచే. ఇక్కడి యూనివర్సల్ రైల్ మిల్లులో ఒక్కో పట్టా 130 మీటర్ల పొడవున తయారవుతుంది. మీటరుకు దాదాపు 60 కిలోల చొప్పున లెక్కేస్తే ఒక్క పట్టా 7.8 టన్నులు.

"నీ నడుముని బరువు ఇరగ్గొట్టనేదురా, తొందర ఇరగ్గొట్టింది" అన్నాడు. తమ పనిలో మూడే సూత్రాలట. ఒకటి, కొక్కెం సరిగ్గా బరువు నడిమధ్యకు పైన ఉండాలి. పక్కకుంటే ఎత్తగానే బరువు ఊగుతుంది. రెండు, గొలుసు ఎంత మోయగలదో రాసి ఉన్నదానికి మించి కట్టకూడదు. మూడోది అన్నిటికంటే ముఖ్యం. ముందు గొలుసు బిగువెక్కాలి. బరువును నాలుగు అంగుళాలు లేపి ఆగాలి, అంతా సరిగా ఉందో లేదో చూసుకోవాలి. అప్పుడే పైకి. వదులుగా ఉన్న గొలుసును ఒక్కసారిగా లాగితే, మామూలుగా మోసే బరువుకే తెగే ప్రమాదం ఉంది.

మర్నాడు ఉదయం పక్క క్వార్టర్ కుర్రాడు తన జిమ్‌కు తీసుకెళ్లాడు. పవర్‌లిఫ్టింగ్ నేర్పుతాడు. తాత టెక్కలి నుంచి వచ్చాడు. మనవడికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. స్క్వాట్, బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్ - ఈ మూడూ కలిస్తే పవర్‌లిఫ్టింగ్. ఒలింపిక్స్‌లో లేదు. అక్కడుండేది వెయిట్‌లిఫ్టింగ్. 2000లో సిడ్నీలో శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది అందులోనే. అయితే అక్కడా ఇక్కడా కడ్డీ నేల మీది నుంచే లేవాలి. ఆ మొదటి అడుగు ఎత్తులోనే నేర్పంతా ఉంది.

కుర్రాడు నా చేతికి కడ్డీ ఇవ్వలేదు. చీపురు కర్ర ఇచ్చాడు. దాన్ని వీపు మీద నిలువుగా ఆనించి తల వెనుక, భుజాల మధ్య, నడుము కింద మూడుచోట్లా తగిలేలా పట్టుకుని ముందుకు వంగమన్నాడు. ఒక్కచోట కర్ర ఎడమైనా మళ్లీ మొదటి నుంచి. వంగాల్సింది నడుము దగ్గర కాదు, తుంటి దగ్గర. "రెండు చేతుల్లో సామాన్లుంటే వెనకున్న తలుపును ఎలా నెడతారు సార్? అలా" అన్నాడు. అంతవరకూ అర్థంకాని విషయం ఆ తలుపుతో అర్థమైంది.

తర్వాత కడ్డీ. ఖాళీ కడ్డీయే 20 కిలోలు. పెద్ద ప్లేట్ల వ్యాసం 45 సెంటీమీటర్లు కాబట్టి అవి వేస్తే కడ్డీ నేలకు 22.5 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. కొత్తవాళ్లు వేసే చిన్న ప్లేట్లతో అది ఇంకా కిందికి దిగి, మరింత వంగేలా చేస్తుంది. అందుకే కింద చెక్క దిమ్మలు పెట్టాడు. మెత్తటి రన్నింగ్ బూట్లు విప్పించాడు.

కడ్డీ సరిగ్గా పాదం నడిమధ్యకు పైన ఉండాలి. కాళ్లు తుంటి వెడల్పున, చేతులు కాళ్లకు కాస్త బయట. వంగి పట్టుకున్నాక కాలి ముందు ఎముక కడ్డీని తాకాలి. ఛాతీ ఎత్తి, వీపు కర్రకు ఆనినప్పటిలాగే ఉంచాలి. పొట్ట నిండా ఊపిరి తీసుకుని, ఎవరో గుద్దబోతున్నట్టు బిగించాలి. అప్పుడు కడ్డీని లేపకుండానే చేతులు బిగువెక్కేదాకా లాగాలి. చివరికి పాదాలతో నేలను కిందికి తొయ్యాలి. కడ్డీ కాళ్లను రాసుకుంటూ రావాలి. పైకొచ్చాక వెనక్కి వాలకూడదు, నిటారుగా నిలబడితే చాలు. దించేటప్పుడు మళ్లీ అదే తలుపు.

నేను అలవాటుగా ఒక్క కుదుపు ఇచ్చాను. "ఝట్కా నహీ, సార్!" వెనక బెంచీ మీద కూర్చున్న బాబాయి చప్పట్లు కొట్టాడు. గొలుసు, కొక్కెం అంటూ ఆయన చెప్పింది, కుర్రాడు చెప్పింది ఒకటే.

వంగితేనే నడుము విరుగుతుందన్న భయం కూడా సరికాదు. వెన్ను మోయడానికే ఉంది. క్రమంగా పెంచితే బరువుకు అలవాటు పడుతుంది. అలవాటు కానిదాన్ని హఠాత్తుగా మీద వేస్తేనే ప్రమాదం. కొత్తవాళ్లకు కుర్రాడి లెక్క ఇది: వారానికి ఒకటి రెండుసార్లు, ఐదేసి చొప్పున మూడు విడతలు. ఆఖరిది కూడా మొదటిదంత శుభ్రంగా వస్తేనే మరోసారి 2.5 కిలోలు పెంచాలి. వీపు గుండ్రమైతే ఆ రోజుకు అంతే. నడుముకు పెట్టుకునే బెల్టు నేర్పుకు బదులు కాదు. రక్తపోటు, హెర్నియా, పాత వెన్నునొప్పి ఉన్నవాళ్లు ముందు డాక్టర్ను అడగాలి. కండరాల సలుపు రెండు మూడు రోజుల్లో పోతుంది. నొప్పి కాలిలోకి పాకినా, తిమ్మిరి పట్టినా, కాలు బలహీనపడినా ఆపేసి డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. మూత్రం మీద అదుపు తప్పితే ఆ గంటలోనే ఆస్పత్రికి వెళ్లాలి.

గాయం కలిగించేంత బరువును ఏ కార్మికుడితోనూ ఎత్తించకూడదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్ చెప్పింది. జిమ్‌లో యజమానీ మనమే, కార్మికుడూ మనమే. చట్టం రాసుకోవాల్సిందీ మనమే.

ఆ ఉదయం నేను ఎత్తింది 30 కిలోలు. భిలాయ్ లెక్కలో అర మీటరు పట్టా. పక్క కుర్రాళ్లు నవ్వుతారేమోనని చూశాను. ఎవరి కడ్డీ మీద వాళ్ల దృష్టి ఉంది.

ఇల్లు చేరేసరికి కూతురు గుమ్మంలో నిలబడి ఉంది. బరువు 15 కిలోలు, పావు మీటరు పట్టా. పైగా కడ్డీలా కుదురుగా ఉండదు. దగ్గరగా వెళ్లాను, తుంటి వెనక్కి తోశాను, ఊపిరి బిగించాను. కుదుపు లేకుండా లేచాను.

"నాన్నా, ఇంకోసారి" అంది.