ఐస్‌గేట్ ముందు ఇల్లందు మిర్చి

గోదాం తలుపు తీయగానే తేజ మిర్చి ఘాటు గొంతు పట్టుకుంది. లోపల ఆడవాళ్లు ముక్కుకు కొంగు చుట్టుకుని తొడిమలు తీస్తున్నారు. ఎర్రకాయ ఒక కుప్ప, తాలు ఒక కుప్ప. పక్క గదిలో యజమాని ల్యాప్‌టాప్ ముందేసుకుని ఓటీపీ కోసం ఫోన్ వంక చూస్తున్నాడు. ఇన్నాళ్లూ గుండాల, టేకులపల్లి వైపు ఊళ్లు తిరిగి కాయ కొని ఖమ్మం యార్డుకు తోలిన కుర్రాడు ఇతను. ఈసారి తన సంస్థను కస్టమ్స్ వారి ఎలక్ట్రానిక్ వ్యవస్థ ఐస్‌గేట్‌లో నమోదు చేస్తున్నాడు. ఆ తంతు చూద్దామనే ఇల్లందు వెళ్లాను.

విదేశీ కంపెనీలు ఈ ఊరికి కొత్త కాదు. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇక్కడి బొగ్గును గుర్తించాడు. ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1889లో తవ్వకం మొదలుపెట్టింది. బొగ్గుట్ట అన్న పాత పేరు ఊరికి అలా వచ్చిందే. నిజాం రాజ్యంలో సరుకు మీద సుంకం వసూలు చేసే శాఖను కరోడ్‌గిరి అనేవారు. ఆ సుంకం నాకాలు ఎప్పుడో పోయాయి. ఇప్పటి నాకా తెర మీద ఉంది.

ఐస్‌గేట్ గడప తొక్కాలంటే ముందు విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ ఇచ్చే ఎగుమతి-దిగుమతి కోడ్, ఐఈసీ కావాలి. ఫీజు 500 రూపాయలు. 2017లో జీఎస్టీ వచ్చాక పాన్ నంబరే ఐఈసీ నంబరైంది. కాబట్టి కొత్త నంబరేదీ రాదు, అనుమతి మాత్రమే వస్తుంది. సొంతంగా పత్రాలు దాఖలు చేయదలిస్తే క్లాస్-3 డిజిటల్ సంతకం కూడా ఉండాలి. దాన్ని డీఎస్సీ అంటారు. టీచరు పోస్టుల డీఎస్సీకి దీనికీ ఏ సంబంధమూ లేదని మన కుర్రాడు ఇంట్లోవాళ్లకు నచ్చజెప్పాల్సి వచ్చిందట!

ఇక్కడివరకు నల్లేరు మీద బండి నడకే. చిక్కంతా పేరు దగ్గర. ఈ ప్రాంతంలో లంబాడా కుటుంబాలు ఎక్కువ. బానోత్ అని ఒక కాగితంలో, బానోతు అని ఇంకోదానిలో. భూక్యా ఒకచోట, బుక్యా మరోచోట. ఇంగ్లిషు అక్షరాల్లోకి వెళ్లేసరికి ఒక్కో ఇంటిపేరు నాలుగు రూపాలెత్తుతుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటే పాన్‌లో పొడి అక్షరమే ఉంటుంది. బ్యాంకు పాసుబుక్కులో పేరు ముందు, ఇంటిపేరు వెనక. మనిషికి తేడా తెలుస్తుంది, ‘ఇద్దరూ ఒకరేలే’ అని సర్దుకుంటాడు. కంప్యూటరు సర్దుకోదు. ఈ కుర్రాడు పాన్‌లో ఉన్న పేరునే ప్రమాణంగా పెట్టుకుని, మిగతా కాగితాలన్నీ దానికి తగ్గట్టు దిద్దించుకున్నాకే దరఖాస్తుకు కూర్చున్నాడు. నన్నడిగితే ఈ పని మొత్తంలో తెలివైన అడుగు అదే.

ఐఈసీలో ఇచ్చిన ఫోనుకు, మెయిల్‌కు ఓటీపీలు వస్తాయి. చిన్న వ్యాపారులు దెబ్బతినేది ఇక్కడే. ఐఈసీ తీసిపెట్టిన ఏజెంటు తన నంబరు, తన మెయిలే ఎక్కించేసి ఉంటాడు. ఆ తర్వాత ప్రతి ఓటీపీకీ అతన్నే బతిమాలుకోవాలి. బీరువా మనది, తాళంచెవి పక్కింట్లో!

తర్వాతిది ఏడీ కోడ్. విదేశీ మారకం లావాదేవీలు చూసే బ్యాంకు శాఖ ఇచ్చే 14 అంకెల సంఖ్య ఇది. ఊళ్లోని ప్రతి శాఖకూ ఆ అధికారం ఉండదు. ఒకప్పుడు బ్యాంకు ఉత్తరం పట్టుకుని రేవు దగ్గరి కస్టమ్స్ ఆఫీసుకు వెళ్లాల్సి వచ్చేది. ఇప్పుడు ఐస్‌గేట్‌లోనే ఉత్తరం ఎక్కించి, సరుకు వెళ్లే రేవును ఎంచుకుంటే అక్కడి అధికారి చూసి ఆమోదిస్తాడు. తెలంగాణకు సముద్రం లేదు గనక చెన్నై, విశాఖ లాంటి రేవులో, హైదరాబాద్ సనత్‌నగర్‌లోని ఇన్‌లాండ్ కంటైనర్ డిపోనో ఎంచుకోవాలి. ఇంతా అయ్యాకే ఎగుమతి కోసం కస్టమ్స్‌కు ఇచ్చే పత్రం, షిప్పింగ్ బిల్లు వేయడానికి వీలవుతుంది. ఎండుమిర్చికి అందులో వేసే కోడ్ కాయకు 090421తో, కారానికి 090422తో మొదలవుతుంది.

నమోదైనంత మాత్రాన కొనేవాడు దొరకడు. తేజ మిర్చిని చైనా, థాయ్‌లాండ్, మలేసియా కొంటాయి. ఖమ్మం యార్డు వేలంలో జెండా పాట ధర లేచినా పడినా వెనక ఆ గిరాకీ కూడా ఉంటుంది. 2017లో ధర కుప్పకూలి అదే యార్డులో రైతులు తిరగబడ్డారు, వాళ్లకు బేడీలు వేయడం పెద్ద దుమారమైంది. బయటి దేశాల షరతులూ తక్కువేమీ కాదు. మన మిర్చిలో సూడాన్ అనే రసాయన రంగు బయటపడ్డాక 2003లో యూరప్ పరీక్షలు బిగించింది. 2022 జనవరి 1 నుంచి చైనా తనకు ఆహార పదార్థాలు పంపే విదేశీ సంస్థలను తన కస్టమ్స్ దగ్గర నమోదు చేసుకోమంటోంది. స్పైసెస్ బోర్డు ఎగుమతిదారు సర్టిఫికెట్ వీటికి అదనం.

అయినా ఈ నమోదుకు విలువ ఉంది. తన షిప్పింగ్ బిల్లు ఏ మెట్టు మీద ఆగిందో ఇల్లందులో కూర్చునే చూసుకోవచ్చు. ఐజీఎస్టీ కట్టి ఎగుమతి చేస్తే ఆ బిల్లే వాపసు దరఖాస్తు కూడా. కాకపోతే జీఎస్టీ రిటర్నులోని ఇన్‌వాయిస్ నంబరు, షిప్పింగ్ బిల్లులోని నంబరు ఒక్కటే కావాలి. ఒక్క గీత తేడా వచ్చినా డబ్బు ఆగిపోతుంది. మొదటి కొన్ని కంటైనర్లకు లైసెన్సున్న కస్టమ్స్ బ్రోకరును పెట్టుకుంటానని అతనన్నాడు. మంచి పనే. పని అప్పగించడం వేరు, పాస్‌వర్డ్ అప్పగించడం వేరు.

ఈ దారిలో దిగాలనుకునేవారు ఐఈసీలో సొంత ఫోను, సొంత మెయిలే ఇవ్వండి. మార్పులేమీ లేకపోయినా ఏటా ఏప్రిల్ నుంచి జూన్ ఆఖరులోగా ఐఈసీ వివరాలను ఆన్‌లైన్‌లో ఒకసారి ధ్రువీకరించండి. మరిచిపోతే అది నిలిచిపోతుంది. ఐస్‌గేట్‌లో ఎక్కడైనా చిక్కుకుంటే 1800-3010-1000కు ఫోన్ చేయవచ్చు, ఆ కాల్‌కు ఖర్చు లేదు.