నెమ్మది

తెలుగులో "నెమ్మది" అన్న మాటకు రెండర్థాలు వున్నాయి. బండి నెమ్మదిగా పోతోందని విసుక్కుంటాం. జ్వరం నెమ్మదించిందా అని ఆప్యాయంగా అడుగుతాం. ఇరవై యేళ్లుగా కాలేజీలో తెలుగు చెబుతున్నాను గాని, యీ రెండర్థాలూ ఒక్కచోట కలవడం మొన్న వేసవిలో మా యింటి కంప్యూటరులోనే చూశాను.

మాది తెనాలి. మా అన్నయ్యగారిది బాపట్ల, చెల్లెలిది రేపల్లె. మా చిన్నతనంలో సెలవులిస్తే పిల్లలమంతా ఒక్క యింట చేరేవాళ్లం. ఇప్పటి పిల్లలకు ఒకడికి ఇంటరు, ఒకడికి కోచింగు. రేపల్లె రైలెక్కే తీరిక యెవరికీ లేదు. ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ కంప్యూటరు ఆటలో కలుస్తారు. ఆ గంటన్నరే వాళ్ల చుట్టరికం.

మే నెలలో ఆ ఆట మూడిళ్లలోనూ తడబడసాగింది. నీవల్లంటే నీవల్లని మాటా మాటా పెరిగి, పిల్లలు రెండు వారాలు పలకరింపులు మానేశారు. దుకాణం ఆయన ఒకరు పెట్టె చూడకుండానే, "కొత్తది కొనెయ్యండి మాస్టారూ" అన్నారు. కొత్తదంటే అరవై వేలు!

మందు కొనేముందు రోగమేదో తెలియాలి గదా. ముగ్గురినీ కూర్చోబెట్టి ఫోనులో అడిగాను: ఎప్పుడు ఆగుతోంది? ఎలా ఆగుతోంది? తెరమీద సెకనుకు 60 బొమ్మలు మారితే ఆట సాఫీగా కనిపిస్తుంది. అంటే ఒక్కో బొమ్మకు గడువు సుమారు 17 మిల్లీసెకన్లు. ఆ గడువు తప్పడానికి కారణం అందరికీ ఒకటే కానక్కరలేదు.

"కొత్త చోటికి అడుగుపెట్టినప్పుడల్లా ఆగిపోతోంది, బాబాయ్" అన్నాడు బాపట్లవాడు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజరు వస్తుంది. చూస్తే మెమరీ నిండిపోయి వుంది. ఆట వెనకాల ముప్ఫై పేజీలు తెరిచి వున్నాయి మరి! అవి మూయించాం. పాత హార్డ్ డిస్కు తీయించి ఎస్ఎస్‌డి వేయించారు అన్నయ్య.

రేపల్లెలో బొమ్మ సాఫీగానే వుంది; అవతలి ఆటగాళ్లు మాత్రం ఇక్కడ మాయమై అక్కడ తేలుతున్నారు. అది ఇంటర్నెట్టు జబ్బు. వైఫై పెట్టెకూ మేనల్లుడి గదికీ నడుమ రెండు గోడలు. వైఫై మానేసి తీగ లాగితే కుదిరింది.

మావాడిది వేరే కథ. పావుగంట హాయిగా ఆడి, ఆపైన నీరసిస్తోంది. వేడి! ప్రాసెసరు నూరు డిగ్రీల దరికి చేరితే, మాడిపోకుండా తన వేగం తానే తగ్గించుకుంటుంది. మనం జబ్బనుకున్న నెమ్మది, దానికి ఉపశమనమన్నమాట. తెనాలి యెండకు తోడు ఫ్యానుకు దుమ్ము మేట వేసింది. కరెంటు తీసేసి, ఫ్యాను రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని, మెత్తని కుంచెతో దులిపాను. పెట్టెను గోడకు జానెడు దూరం జరిపాను. 97 డిగ్రీలు 80కి దిగాయి. ఒక్కసారికి ఒక్క మార్పే చేస్తే, ఏది పనిచేసిందో తెలుస్తుంది.

పిల్లలు మళ్లీ మాట్లాడుకుంటున్నారు. అనగా, యెవరు గెలిచారని పోట్లాడుకుంటున్నారు. దసరాకు ముగ్గురూ తెనాలి రావాలని కబురంపాను. అరవై వేలు మిగిలాయి గదా, పిండివంటలకు లోటేమీ వుండదు లెండి.