వేరుతో సహా పీకాలి నాన్నా!



ముందుగా ఒక నిజం ఒప్పుకుంటాను. జూలైలో ఒక ఆదివారం మా ఐదో తరగతి అమ్మాయిని అమీన్‌పూర్ చెరువు గట్టుకు తీసుకెళ్లాను. చెరువు మీద ప్రేమతో కాదు, ప్రాజెక్టు ఫైల్లో అంటించడానికి నాలుగు ఫొటోలు కావాలని. గంటలో తిరిగొచ్చేద్దాం అనుకున్నాను.

2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించిన చెరువు అది. దేశంలో ఆ గుర్తింపు పొందిన తొలి నగర చెరువు అదే. అలాంటి చోట గట్టు మీద ఎటు చూసినా వయ్యారిభామ! మీరూ రోజూ చూసే మొక్కే. ఖాళీ ప్లాట్లలో, స్కూలు బస్సు ఆగే చోట, క్యారెట్ ఆకుల్లాంటి ఆకులతో, చిన్న తెల్లని పూలతో ఉంటుంది. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ కలుపును 1950ల మధ్యలో పుణెలో గుర్తించారు. ఇప్పుడు అది లేని ఊరు అరుదు. పక్కన గడ్డిని ఎదగనివ్వదు, పశువులు మేయవు. తాకితే కొందరికి దద్దుర్లు వస్తాయి, పుప్పొడి పడని వాళ్లకు తుమ్ములు, ఆయాసం. ఒక్కో మొక్క 10,000కు పైగా విత్తనాలు రాల్చగలదు. అందుకే పూత రాకముందే, వానకు నేల మెత్తబడినప్పుడే పీకాలని అక్కడి వాలంటీర్లు చెప్పారు.

గ్లౌజులు, మాస్కులు వేసుకుని పనిలోకి దిగాం. అరగంటలో నా బస్తా నిండింది. మా అమ్మాయి మాత్రం ఒక్కో మొక్క మొదలు పట్టుకుని, మట్టి కదిలించి, నిదానంగా లాగుతోంది.

"త్వరగా కానివ్వమ్మా, ఇంకా అర బస్తా కూడా కాలేదు" అన్నాను. హోంవర్కు దగ్గర రోజూ అనే మాటే.

తను నా బస్తాలోకి తొంగి చూసింది. "నాన్నా, నీ మొక్కలకు వేర్లేవి?"

నిజమే. సగానికి పైగా కాడలు విరిచి వేసినవే. నవ్వేసి ఊరుకున్నాను. ఫొటోలు తీసుకుని ఇంటికి వచ్చేశాం.

మూడు వారాల తర్వాత మళ్లీ వెళ్దామని తనే పట్టుబట్టింది. నేను పీకిన చోట, విరిగిన మొదళ్ల నుంచి కొత్త కొమ్మలు గుబురుగా లేచాయి. కొన్నింటికి మొగ్గలు కూడా వచ్చాయి. తను పీకిన చోటా మొక్కలున్నాయి, కానీ అన్నీ వేలెడంత మొలకలే. నేలలో పాత విత్తనాలు ఉంటాయి కదా! తను నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "ఇవి కూడా తీసేద్దాం" అని కూర్చుంది. ఈసారి ఫోను జేబులోంచి తీయలేదు. తన పక్కనే కూర్చుని, తన వేగంతోనే పీకాను.

మీ వీధిలోనూ ఈ మొక్క ఉండే ఉంటుంది. పిల్లలతో కలిసి తీయాలనుకుంటే పూత లేని లేత మొక్కలనే ఎంచుకోండి. నిండు చేతుల చొక్కా, గ్లౌజులు, మాస్కు తప్పనిసరి. ఉబ్బసం, చర్మ ఎలర్జీ ఉన్న పిల్లలను దూరంగా ఉంచండి. నెల తిరగకముందే అదే చోటికి మళ్లీ వెళ్లండి.

ఇంకో చిన్న మనవి: మీ పిల్లలు నిదానంగా పని చేస్తుంటే, తొందరపెట్టే ముందు వాళ్ల బస్తాలోకి ఒకసారి చూడండి.

— ఐదో తరగతి విద్యార్థిని తండ్రి