తప్పు ఎవరిదని అడిగే ముందు



ఈ వారం ఒక చదువు గురించి మీతో పంచుకోవాలని ఆశపడుతున్నాను. మన సంఘములోని ఒక బిడ్డ హైదరాబాదులో హాస్టల్లో ఉండి బీఎస్సీ చదువుతోంది. అందులో జెనెటిక్స్, అంటే జన్యుశాస్త్రం, ఆమెకు ముఖ్యమైన సబ్జెక్టు. వాళ్ల ఊరు గద్వాల జిల్లా గట్టు మండలంలో ఉంది. "నర్సింగ్ అయితే ఉద్యోగం వస్తది, ఇదేం చదువు పాస్టరయ్యా?" అని తల్లిదండ్రులు నన్ను చాలాసార్లు అడిగారు. దసరా సెలవులకు బిడ్డ ఇంటికి వచ్చినప్పుడు, ఆమె పుస్తకాలు ముందు పెట్టుకుని నేనే ఒక్కొక్కటి అడిగి తెలుసుకున్నాను.

నడిగడ్డ వారికి సీడ్ పత్తి గురించి వేరే చెప్పనక్కరలేదు. కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న ఈ నేలలో ఎన్నో కుటుంబాలు కంపెనీలకు హైబ్రిడ్ పత్తి విత్తనం పండించి ఇస్తాయి. క్రాసింగ్ మొదలైతే ఊరంతా చేలల్లోనే ఉంటుంది. మరునాడు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రం పూట చూసి పట్టుకుని, రేకులు, పుప్పొడి ఉండే కేసరాలు గోటితో ఒలిచేస్తారు. తెల్లారి మగ చెట్టు పువ్వు తెచ్చి, ఆ మొగ్గలో మిగిలిన కాడ కొనకు రుద్దుతారు. ఒక్కొక్క మొగ్గకూ ఇదే పని. ఈ బిడ్డ కూడా బడి సెలవుల్లో తల్లి వెంట పోయి ఆ పని చేసినదే.

డిగ్రీలో మెండెల్ పాఠం వచ్చినప్పుడు మిగతా పిల్లలు పటం చూసి నేర్చుకున్నారట. మన బిడ్డ చేతులకు అది ముందే తెలుసు. గ్రెగర్ మెండెల్ బ్రనో పట్టణంలోని మఠంలో జీవించిన సన్యాసి. 1856 నుంచి 1863 వరకు మఠం తోటలో బఠానీ మొక్కలను ఇదే విధంగా ఒకదానితో ఒకటి కలిపాడు. గుండ్రని గింజల మొక్కను ముడతల గింజల మొక్కతో కలిపితే మొదటి తరంలో అన్నీ గుండ్రని గింజలే వచ్చాయి. రెండో తరంలో 5,474 గుండ్రనివి, 1,850 ముడతలవి వచ్చాయి. అంటే దాదాపు మూడుకు ఒకటి. మొదటి తరంలో ముడత పోయిందనుకుంటే, అది లోపల దాగి ఉండి మనుమల తరంలో బయటపడింది. హైబ్రిడ్ పత్తి గింజను దాచి మరుసటి ఏడు వేస్తే చేను ఒక్క తీరుగా రాదని మన రైతులకు తెలుసు గదా, కారణం ఇదే. మెండెల్ తన లెక్కలను 1866లో అచ్చువేయించాడు. లోకం దాని విలువను గుర్తించింది 1900లో. అప్పటికి ఆయన చనిపోయి 16 సంవత్సరాలు.

ప్రియులారా, ఇది పంటతో ఆగిపోయే సంగతి కాదు. మన ఇండ్లలో కోడళ్ల కన్నీళ్లతో దీనికి సంబంధం ఉంది.

వనపర్తి వైపు నేను దర్శించే ఒక కుటుంబంలో నాలుగేండ్ల బాబుకు తలసేమియా ఉంది. వాడి శరీరం కావలసినంత మంచి రక్తం తయారు చేసుకోలేదు. నెల తిరగకముందే రక్తం ఎక్కించాలి. అలా ఎక్కించిన కొద్దీ ఒంట్లో ఇనుము పేరుకుపోతుంది గనుక దానికీ మందు వాడాలి. ఆ ఇంట్లో అవ్వ, కోడలిని చూసి, "దీని కాలు మోపినకాన్నుంచే మా ఇంటికి ఈ గతి పట్టింది, ఏం పాపం జేసి పుట్టిందో" అనేది. ఆ తల్లి ప్రార్థనకు వచ్చి వెనక గోడకు ఆనుకుని కూర్చునేది. నోరు తెరిచి పాట పాడేది కాదు.

సెలవులు అయిపోకముందే నేను మన బిడ్డను, ఆమె తండ్రిని వెంటబెట్టుకుని బీచుపల్లి వంతెన దాటి ఆ ఇంటికి వెళ్లాను. ఆమె అరుగు మీద కూర్చుని కొన్ని చింతగింజలు, కొన్ని చిక్కుడు గింజలు అడిగింది. తండ్రి పేర ఒక చింతగింజ, ఒక చిక్కుడు గింజ పెట్టింది. తల్లి పేర కూడా అవే రెండు. "అవ్వా, చింతగింజ లోపమున్న జన్యువు అనుకో. ఒక్కటే ఉంటే మనిషికి పెద్ద జబ్బేం ఉండది, తిరుగుతడు, పని జేస్తడు. బిడ్డకు అమ్మ కాడినుంచి ఒకటి, నాయిన కాడినుంచి ఒకటి వస్తది. రెండూ చింతగింజలే పడితే ఈ జబ్బు" అని చెప్పి, నాలుగు విధాలుగా జతలు పేర్చి చూపించింది. నాలుగింటిలో ఒకదానిలో రెండు చింతగింజలు. రెండింటిలో ఒక్కొక్కటి. ఒకదానిలో అసలు లేదు. ప్రతి కాన్పుకూ ఇదే లెక్క మళ్లీ మొదటినుంచి.

అవ్వ చాలాసేపు ఆ గింజలనే చూసింది. "అంటే నా కొడుకు కాడినుంచి గూడ వచ్చిందా?" అని అడిగింది.

"చెరొకటి వచ్చింది అవ్వా. తప్పు మాత్రం ఇద్దరిదీ గాదు."

కోడలు తలుపు వెనక నిలబడి వింటోంది.

ఇంకొక మాట కూడా ఆ రోజు బయటికి వచ్చింది. ఆ ఇంట్లో చిన్నకొడుక్కి అక్క కూతురినే చేసుకోవాలని మాట అనుకున్నారు. మేనరికం మన దగ్గర కొత్త కాదు. ఆస్తి చెదరదని, పిల్ల కండ్ల ముందర ఉంటుందని పెద్దలు ఆలోచిస్తారు. ఆ ఆలోచనలో ప్రేమ ఉంది. అయితే మేనమామకు, మేనకోడలికి సగటున నాలుగో వంతు జన్యువులు ఒకే పెద్దల నుంచి వచ్చినవే ఉంటాయి. మేనత్త మేనమామ పిల్లల మధ్య అది ఎనిమిదో వంతు. అన్నకు ఆ జన్యువు ఉందంటే తమ్ముడికీ ఉండవచ్చు, అక్క ద్వారా ఆ పిల్లకూ వచ్చి ఉండవచ్చు. దీన్ని తెలుసుకోవడానికి హెచ్‌బీ ఏ2 అనే రక్త పరీక్ష ఉంది. హైదరాబాదులో 1998 నుంచి పనిచేస్తున్న తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ వంటి సంస్థలు ఇటువంటి కుటుంబాలకు తోడుగా ఉన్నాయి. మన బిడ్డ ఇదంతా నెమ్మదిగా చెప్పింది. పెండ్లి వద్దని ఆమె అనలేదు, నేనూ అనలేదు. చివరికి అవ్వే కొడుకుతో, "ముందుగాల ఇద్దరికీ రక్తం జూపియ్యుండ్రి, తర్వాతనే లగ్గం మాట" అంది.

యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టు గ్రుడ్డివాడైన ఒక మనుష్యుని చూసి శిష్యులు ఏమని అడిగారో మీకు తెలుసు. వారు పాపం లెక్క అడిగారు. ప్రభువు ఆ లెక్కను ఆ మనుష్యుని మీదా వేయలేదు, అతని తలిదండ్రుల మీదా వేయలేదు. ఆ అధ్యాయం మీద నేను ఎన్నోసార్లు ప్రసంగించాను. ఆ అరుగు మీద పేర్చిన గింజల దగ్గర దాన్ని కండ్లారా చూశాను.

ఆడపిల్లలే పుడుతున్నారని కోడలిని నిందించే ఇండ్లకూ ఈ చదువులో జవాబుంది. తల్లి దగ్గర ఉండేవి రెండూ ఎక్స్ క్రోమోజోములే. ఎక్స్, వై రెండూ ఉండేది తండ్రి దగ్గర. బిడ్డ ఆడో మగో తేలేది తండ్రి నుంచి వచ్చేదాన్ని బట్టి. ఇది లోకానికి తెలిసి నూరేండ్లు దాటింది. మన గడపల్లోకి మాత్రం ఇంకా రాలేదు.

వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. సంతోషం. రిపోర్టు ఇచ్చే డాక్టరుతో పాటు, ఆ రిపోర్టును మన అవ్వకు మన మాటల్లో విప్పి చెప్పే బిడ్డలు కూడా మనకు కావాలి. "ఇదేం చదువు?" అని అడిగిన ఆ తల్లిదండ్రులకు నేను ఇచ్చిన జవాబు ఇదే.

ప్రియ చదువరీ, మీ ఇంట్లో పెండ్లి మాట నడుస్తుంటే, జాతకం అడిగే బంధువులుంటారు, కట్నం అడిగే బంధువులుంటారు. మీరు రక్త పరీక్ష అడగండి. ఎక్కడైనా ఒక తల్లి తన బిడ్డ జబ్బుకు తానే కారణమని తల దించుకుని కూర్చుంటే, ఆమె పక్కన కూర్చుని ఈ గింజల లెక్క చెప్పండి. ప్రభువు ఆ ఇంటిని ఆదరించును గాక. ఆమెన్.