మంచు ఊడ్చే బండికి బందరు వైద్యం

సాయంత్రం నాలుగున్నర. చిలకలపూడిలో ఆ పెద్దాయన అరుగు మీద కూర్చుని టీ తాగే వేళ. సెల్‌ఫోన్ మోగింది. అమెరికాలో ఉన్న కొడుకు! అక్కడ ఉదయం ఆరు కావస్తోంది. ఆ వేళప్పుడు వాడు ఎప్పుడూ ఫోన్ చెయ్యడు.

'నాన్నా, బండి స్టార్ట్ కావట్లేదు.'

'కారా?'

'కాదు, ట్రాక్టరు.'

పెద్దాయన టీ గ్లాసు పక్కన పెట్టేశారు.

కంప్యూటరు ఉద్యోగం చేసుకునేవాడికి ట్రాక్టరుతో పనేమిటని ఎవరికైనా అనుమానం వస్తుంది. కొడుకు ఉండేది ఒహాయో రాష్ట్రంలో, క్లీవ్‌లాండ్ దగ్గర. పక్కనే ఈరీ సరస్సు. శీతాకాలం మొదట్లో సరస్సు ఇంకా గడ్డకట్టదు. దాని మీదుగా చలిగాలి వీచినప్పుడు నీటి ఆవిరిని మోసుకొచ్చి ఒడ్డున మంచుగా కుమ్మరిస్తుంది. మనకు బంగాళాఖాతం ఎలాగో వాళ్లకు ఆ సరస్సు అలాగ. రాత్రి పడుకునేటప్పుడు కనిపించిన వాకిలి తెల్లారేసరికి కనిపించదు. మునిసిపాలిటీ లారీ వచ్చి వీధిలో మంచు నెట్టుకుంటూ పోతుంది. పోతూ పోతూ ప్రతి ఇంటి ముందూ ఒక గట్టు కట్టిపోతుంది. ఆ గట్టు తవ్వితేగానీ కారు బయటికి రాదు. వయసు మీరినవాళ్లు పారతో మంచు ఎత్తితే గుండెకు ప్రమాదమని అక్కడి డాక్టర్లు ఏటా చెబుతూనే ఉంటారు.

అందుకే గార్డెన్ ట్రాక్టరు. పేరుకే ట్రాక్టరు... మన చేలల్లో తిరిగే బండి పక్కన పెడితే ఏనుగు పక్కన దూడలా ఉంటుంది. ఎండాకాలం గడ్డి కోస్తుంది. చలికాలం ముందు ఇనప రేకు తగిలిస్తే మంచు నెడుతుంది. కొడుకు దగ్గరున్నది 1960ల నాటి 'కబ్ కేడెట్ 122'. పన్నెండు హార్స్‌పవర్, ఒకటే సిలిండరు, పెట్రోలు ఇంజిన్. కొత్తవి దుకాణాల్లో బోలెడున్నా, పోత ఇనుముతో చేసిన ఆ పాతబండ్లంటే అక్కడ కొందరికి ప్రాణం. పక్కింటి ముసలాయన మూడేళ్ల కిందట తనవల్ల కాక దాన్ని ఇతనికి అమ్మేశాడు. డబ్బు తక్కువే తీసుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. మంచు పడినప్పుడల్లా తన వాకిలి కూడా తుడవాలి.

ఆరోజు ఉదయం ఎనిమిదింటికి ఆ ముసలాయన ఆస్పత్రికి వెళ్లాలి. వాకిట్లో మోకాలి లోతు మంచు. బండి కదలనంటోంది.

ఆ బండి ఫొటో మొదటిసారి పంపినప్పుడు 'పిల్లలాడుకునేదా?' అని పెద్దాయన నవ్వేశారు. తర్వాత కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూశారు. దాని మీద 'ఇంటర్నేషనల్ హార్వెస్టర్' అని ఉంది. 'ఇది మన బండికి తమ్ముడు కదరా!' అన్నారు.

ఆ మాటలో అతిశయోక్తి లేదు. కబ్ కేడెట్‌ను 1960లో మొదలుపెట్టింది చికాగోకు చెందిన ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ. అదే కంపెనీ 1963లో మహీంద్రా, వోల్టాస్‌లతో కలిసి మన దేశంలో ట్రాక్టర్ల తయారీకి దిగింది. అలా వచ్చిందే బి-275. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ 1980ల్లో తన వ్యాపారాలను ముక్కలుగా అమ్ముకుంది. మన దగ్గర మాత్రం 275 అనే అంకె మహీంద్రా బండ్ల మీద ఇంకా బతికే ఉంది.

పెద్దాయన పెరట్లో రేకుల షెడ్డు కింద ఉన్నది బి-275నే. మొదట ఆయన దానికి డ్రైవరు. బండి ఒక రైతుది. వానాకాలం వెనక టైర్లు విప్పి దమ్ము చక్రాలు బిగించి మడి తొక్కించేవారు. కోతలయ్యాక కుప్ప నూర్పిడి. కళ్లంలో పనలు పరిచి వాటి మీద గుండ్రంగా తిప్పీ తిప్పీ, మంచుపడే రాత్రుళ్లు దాని మీదే తెల్లారేది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. పదివేల మందికి పైగా పోయారు. ఆ తర్వాత రోజుల్లో ఆ బండితో రోడ్లకు అడ్డంపడిన చెట్లు లాగారు. ట్రాలీలో ఇంకా ఏమేం మోశారో మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కొన్నేళ్లకు ఆ రైతు బండిని అమ్మకానికి పెడితే అప్పుచేసి కొనుక్కున్నారు. దాని పక్కనే మెకానిక్ షెడ్డు పెట్టారు.

ఆ షెడ్డులోకి కొడుకును రానిచ్చేవారు కాదు. ఓసారి పన్నెండేళ్లప్పుడు వాడు స్పానరు పట్టుకుంటే వీపు మీద ఒకటిచ్చి పుస్తకాల దగ్గరికి తరిమారు. ఈ నల్ల నూనె వాడి గోళ్లలోకి పోకూడదని ఆయన పట్టుదల. వాడు చదివాడు, వెళ్లాడు. ఫోన్లలో మాటలు ఆరోగ్యం, వాతావరణం దాటేవి కావు.

సరే, ఆరోజు సంగతి. 'తిప్పితే తిరుగుతోందా?' అనడిగారు. తిరుగుతోంది. అంటే బ్యాటరీ తప్పు కాదు. 'పెట్రోలు పాతదా?' కాదు, మొన్న పోసిందే. 'ప్లగ్గు విప్పి, వైరు తగిలించి ఇంజిను ఇనుముకు ఆనించు. పెట్రోలు డబ్బా దూరం పెట్టు. ఇప్పుడు తిప్పు.' వీడియోలో గరాజు చీకటిగా ఉంది. నిప్పురవ్వ కనిపించలేదు.

'పాయింట్లురా' అన్నారు పెద్దాయన.

డీజిల్ బండికి పాయింట్లు ఉండవు. కానీ రాజ్‌దూత్ మోటారుసైకిలు నడిపినవాళ్లకి వాటి సంగతి చెప్పక్కర్లేదు. రెండు చిన్న లోహపు మొనలు. కలిసి విడిపోయేటప్పుడు కాయిల్‌లో కరెంటు పుట్టి ప్లగ్గు దగ్గర మెరుస్తుంది. బయటి చలికీ గరాజులో వెచ్చదనానికీ మధ్య చెమ్మ చేరితే ఆ మొనల మీద తుప్పు పొర కడుతుంది. మెరుపు ఆగిపోతుంది. ఇంజిను పక్కన చిన్న మూత విప్పించారు. సన్నటి ఎమెరీ కాగితాన్ని మొనల మధ్య పెట్టి మెల్లగా లాగమన్నారు. తర్వాత శుభ్రమైన తెల్ల కాగితంతో తుడవమన్నారు. వాటి మధ్య ఇరవై థౌ ఖాళీ ఉండాలి. అంటే అంగుళంలో వెయ్యికి ఇరవై వంతులు. కొడుకు దగ్గర గేజి లేదు. 'విజిటింగ్ కార్డు పెట్టి చూడు. మందంగా ఉన్నది. పట్టీ పట్టనట్టు జారాలి.' కొలత కచ్చితంగా రాదు గానీ ఆపద్ధర్మానికి చాలు.

మూడోసారికి బండి దగ్గి, పొగ చిమ్మి, అందుకుంది. ఫోన్లో ఆ టకటక వింటూ పెద్దాయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదట. ఇది ఆయన భార్య చెప్పిన మాట.

ఆ రోజు నుంచి ఫోన్లు పెరిగాయి. ఇద్దరికీ తెగని సబ్జెక్టు ఒకటి దొరికింది. మంచు మీద జారకుండా వెనక టైర్లకు గొలుసులు చుడతామని కొడుకు చెబితే, బురదలో మా దమ్ము చక్రాలూ అందుకేగా అని తండ్రి. బరువు కోసం టైరులో నీళ్లు పొయ్యి, ముక్కాలు వంతు నింపితే చాలు అని తండ్రి చెబితే, గడ్డకడతాయి నాన్నా అని కొడుకు. అక్కడ కాల్షియం క్లోరైడ్ కలిపిన నీళ్లు పోస్తారు. అవి రిమ్ములను తినేస్తున్నాయని కొందరు చక్కెర బీట్ దుంపల రసం పోస్తారట. టైరుకు రసం పట్టించడమేమిటని పెద్దాయన వారం రోజులు నవ్వుకున్నారు.

ఇద్దరికీ ఒక్కటే శత్రువు... ఉప్పు! అక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఇక్కడ మంగినపూడి వైపు నుంచి వచ్చే గాలిలోనే ఉప్పుంది. రేకు పెట్టిన మూడేళ్లకే చిల్లులు పడే ఊళ్లో అరవై ఏళ్ల నాటి నమూనా బండి నిలబడిందంటే ఊరికే కాదు. పని అవగానే మంచినీళ్లతో కడగాలి, ఆరాక పాత ఇంజినాయిలులో డీజిలు కలిపి గుడ్డతో పూయాలి, బోల్టుల మరలకు గ్రీజు పెట్టాలి. కొడుకు అక్కడ కడగడం వరకూ చేస్తున్నాడు. పాత ఆయిలు వాకిట్లో కారితే ఊరుకోరు కాబట్టి అందుకోసం అమ్మే మైనం కొట్టుకుంటున్నాడు. చలికాలం వచ్చేముందు పల్చటి ఆయిలు మార్చడం కూడా అలవాటైంది. చిక్కటి ఆయిలు చలికి బిగుసుకుంటే స్టార్టరు తిప్పలేదు మరి.

ఇక్కడ బి-275 మాత్రం దమ్ములోకి దిగి చాలా ఏళ్లయింది. కోతమిషన్లు వచ్చాక కుప్పలూ లేవు. స్పేర్లకు విజయవాడ ఆటోనగర్‌లో పాత దుకాణాలన్నీ గాలించాలి. పెద్దాయన చేతులు ఈమధ్య వణుకుతున్నాయి. స్పానరు బిగువు తెలియడం లేదంటున్నారు. పాత ఇనుము కొనేవాడు రెండుసార్లు వచ్చి తూకం మాట్లాడి వెళ్లాడు. ఇచ్చేద్దామని ఆయనే ఓ రాత్రి ఫోన్లో అన్నారు.

'వద్దు నాన్నా. నేనొచ్చాక నాకు దాని ఇంజిన్ విప్పడం నేర్పు.'

'నీకెందుకురా ఆ మురికి?' అన్నారు గానీ, మర్నాడు వచ్చిన బేరగాణ్ని గుమ్మంలోంచే పంపేశారు.

సంక్రాంతికి వచ్చి వెళుతున్న బంధువుల చేత ఆయన కొడుక్కో పొట్లం పంపించారు. ఆవకాయ జాడీల మధ్య చిలకలపూడి రోల్డుగోల్డు గాజుల డబ్బా ఒకటి. కోడలు ముచ్చటపడి విప్పింది. లోపల గాజులు లేవు. నూనె రాసి గుడ్డలో చుట్టిన పాత ఫీలర్ గేజి ఉంది. దాని రేకుల్లో ఇరవై థౌది ఏదో వెతుక్కోకుండా, ఆ ఒక్కదానికి ఎర్ర రంగు చుక్క పెట్టి ఉంది.