పీహెచ్‌డీకి ఫీజెంత?

"మాస్టారూ, నేనడిగినప్పుడు నాకు చెప్పిన మాట మాత్రం దీనికి చెప్పకండి."

2022 డిసెంబరులో ఒక సాయంత్రం ఖరగ్‌పూర్ మథురాకాటిలోని మా ఇంటికి వచ్చి ఈ మాటన్నతను రైల్వే వర్క్‌షాపులో పనిచేస్తాడు. వెంట అతని మేనకోడలు ఉంది. స్థానిక కాలేజీలో బీఎస్సీ ఫిజిక్స్ రెండో ఏడు చదువుతోంది. తండ్రి కాంట్రాక్టరు దగ్గర బోగీలు కడిగే పని చేస్తాడు.

ఆ అమ్మాయి కాసేపు తటపటాయించి అడిగింది. "తాతగారూ, పీహెచ్‌డీకి ఫీజెంత అవుతుంది?"

నాకు వెంటనే నోట మాట రాలేదు. మా వీధి నుంచి అరగంట సైకిలు తొక్కితే ఐఐటీ గేటు. 1931 కాల్పుల్లో ఇద్దరు రాజకీయ ఖైదీలు ప్రాణాలు పోగొట్టుకున్న హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో, 1951లో దేశంలోని మొదటి ఐఐటీ మొదలైంది. మా వాళ్లు అక్కడ తోటపని చేశారు, హాస్టళ్లలో వంట చేశారు. అయినా పరిశోధన చేసేవాళ్లకు ప్రభుత్వమే నెలనెలా డబ్బిస్తుందన్న సంగతి ఈ వీధిదాకా రాలేదు. ఆ పిల్ల దానికి ఎంత అప్పు చెయ్యాలో లెక్క వేసుకుంటోంది.

ఇక మేనమామ సంగతి. 1996లో అతనూ ఇదే వరండాలో కూర్చున్నాడు. నా దగ్గర సాయంత్రాలు లెక్కలు నేర్చుకున్న పిల్లల్లో అంత చురుకైనవాడు ఇంకొకడు లేడు. డిగ్రీ అయింది, ఇంకా చదువుతానన్నాడు. నేను, "నీకెందుకురా అంత చదువు? ఖలాసీ పోస్టులు పడ్డాయి, అప్లికేషన్ పెట్టు. మన స్థాయికి అది చాలు" అన్నాను. అతను పెట్టాడు, ఉద్యోగం వచ్చింది. ఇల్లు గడిచింది. అందుకే నేను తప్పు చేశానని చాలాకాలం నాకు తోచలేదు.

కర్మ సిద్ధాంతానికి వ్యతిరేకంగా ఎన్నో సభల్లో మాట్లాడినవాణ్ణి. పేదరికం పూర్వజన్మ ఫలం అంటే ఒప్పుకోను. కానీ "మన స్థాయి" అన్నానే, అది అదే సిద్ధాంతం కాదూ? దేవుణ్ణి తీసేసి తలరాతను అలాగే ఉంచుకున్నాను. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ అప్పటికే ఉంది. నాకు తెలియదు. తెలియదని చెప్పకుండా సలహా చెప్పాను. హేతువాదికి అంతకంటే పెద్ద తప్పు లేదు.

ఈసారి తెలుసుకుని చెబుదామని కూర్చున్నాను. తెలిసిందేమిటంటే, సహాయం లేకపోలేదు. షెడ్యూల్డు కులాల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులు 1944 నుంచీ ఉన్నాయి. అంబేద్కర్ వైస్రాయి కార్యవర్గంలో సభ్యుడిగా ఉన్న కాలమది. ఆయన కూడా 1913లో బరోడా సంస్థానం నెలకు పదకొండున్నర పౌన్లు ఇస్తేనే కొలంబియా వెళ్లగలిగారు. 2005-06లో ఎస్సీ, ఎస్టీ పరిశోధకుల కోసం రాజీవ్ గాంధీ జాతీయ ఫెలోషిప్ వచ్చింది. మొదట్లో దానికి నెట్ పరీక్ష పాసవ్వాలన్న నిబంధన లేదు. తర్వాత ఎస్సీలకు నెట్ ద్వారానే ఎంపిక చేసేట్టు మార్చారు. ఇక జేఆర్‌ఎఫ్ 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000.

ఈ డబ్బంతా ఎక్కడుందో చూడండి. గుమ్మం దాటాక ఉంది. పరీక్ష పాసైనవాడికి ఇస్తారు. పరీక్షకు చదువుకునే ఏడాది ఏం తినాలో, ఎవర్ని అడగాలో మాత్రం చూసేవాళ్లు తక్కువ. అసలు ప్రయత్నించలేదని అనలేం. పదకొండు, పన్నెండో ప్రణాళికల కాలంలో యూజీసీ నెట్ కోచింగ్‌కు కాలేజీలకు నిధులిచ్చింది. ఐఐటీల్లోనే ఇంకో ఉదాహరణ ఉంది. బీటెక్ ప్రవేశంలో మామూలు కటాఫ్ అందుకోలేని ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు కొందరికి ఏడాదిపాటు ప్రిపరేటరీ కోర్సు చెప్పి, ఆ తర్వాత బీటెక్‌లో చేర్చుకుంటారు. తయారీకి కూడా ఖర్చు పెట్టాలని ఒకచోట ఒప్పుకున్నాం. పీహెచ్‌డీ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మరిచిపోయాం?

అమెరికాలో రోనాల్డ్ మెక్‌నెయిర్ అనే నల్లజాతి భౌతిక శాస్త్రవేత్త ఉండేవాడు. ఎంఐటీలో పీహెచ్‌డీ చేసి వ్యోమగామి అయ్యాడు. 1986 జనవరి 28న చాలెంజర్ ప్రమాదంలో మరణించాడు. ఆయన పేరుతో అక్కడి ప్రభుత్వం కాలేజీలకు గ్రాంట్లు ఇస్తుంది. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పేద విద్యార్థుల్ని, ఉన్నత విద్యలో తక్కువగా కనిపించే వర్గాల వాళ్లని డిగ్రీలో ఉండగానే ఎంచుకుంటారు. ఒక ప్రొఫెసరు దగ్గర పరిశోధన చేయిస్తారు, కొంత స్టైపెండ్ ఇస్తారు, ప్రవేశ పరీక్షకూ దరఖాస్తుకూ తయారుచేస్తారు. అంటే డబ్బుతో పాటు దారి చెప్పే మనిషినీ ఇస్తారు. మా వీధికి కావలసింది సరిగ్గా అదే.

మా ఊరి తెలుగువాళ్లకు ఇంకో అడ్డంకి కూడా ఉంది. అమ్మాయి కుల ధ్రువపత్రం కోసం వెళ్తే ఒక ఆఫీసులో గుమాస్తా "మీ కులం మా రాష్ట్రం జాబితాలో లేదు" అని కాగితం వెనక్కి తోసేశాడు. అతను చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం. రాజ్యాంగం 341వ అధికరణం కింద జాబితాలు ఏ రాష్ట్రానికారాష్ట్రం వేరు. ఒక రాష్ట్రంలో ఉన్న హోదా వలస వెళ్లినచోట రాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ తండ్రికి సొంత రాష్ట్రం అధికారి ఇచ్చిన పత్రం చూపిస్తే, వలస వచ్చినచోటి అధికారి దాని ఆధారంగా పిల్లలకు పత్రం ఇవ్వవచ్చు. కేంద్ర పథకాలకు అది పనికొస్తుంది. ఈ అమ్మాయి తాత 1958లో శ్రీకాకుళం నుంచి రైల్వే సఫాయివాలాగా వచ్చాడు. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు తర్వాత వచ్చాడు కాబట్టి ఆ దారి దొరికింది. ఊళ్లో పాత రికార్డు తీయించి, తండ్రి పేర పత్రం తెచ్చి, ఇక్కడ ఇంకొకటి తీసుకునేసరికి పదకొండు నెలలు పట్టింది. మేనమామకు రైల్వే పాసుంది గనుక సెలవులు పెట్టి తిరిగాడు. అది కూడా లేనివాడి గతేమిటి?

ఇక చదువు. అమ్మాయి రోజూ సాయంత్రం మూడు గంటలు చిన్నపిల్లలకు ట్యూషన్ చెప్పేది. నెలకు 2,000 వచ్చేవి, ఇంట్లో అవి కావాలి. రిటైరైన నలుగురం కలిసి తలా 500 వేసుకుని ఏడాదిపాటు ఆ డబ్బు ఇంట్లో ఇచ్చాం. ఆ మూడు గంటలు చదువుకి మిగిలాయి. ఐఐటీలో పరిశోధన చేస్తున్న ఒక తెలుగు కుర్రాడు ఆదివారాలు వచ్చి, ఏ పరీక్ష ఎందుకు రాయాలో, గైడుకి ఉత్తరం ఎలా రాయాలో చెప్పాడు. ఒకరోజు తన ల్యాబ్ కూడా చూపించాడు. తిరిగొచ్చి అమ్మాయి అంది, "ఆ అన్న వాళ్ల నాన్న కూడా కూలికే వెళ్తారట తాతగారూ." ఏడాదిగా మేం చెప్పిన మాటలన్నిటికంటే ఆ ఒక్క సంగతి ఎక్కువ పనిచేసింది.

లెక్క చూడండి. మాకు ఏడాదికి అయిన ఖర్చు 24,000. ఒక ఫెలోషిప్పు ఒక నెల మొత్తం కంటే తక్కువ. ఎవరో నలుగురి పింఛను మీద, ఒక కుర్రాడి ఆదివారాల మీద ఆధారపడే పని కాదిది. మేం నలుగురం ఒక్కరికే చేయగలిగాం, అదీ ఆలస్యంగా. డిగ్రీ కాలేజీల్లో రెండో ఏటి నుంచే ఇలాంటి పిల్లల్ని గుర్తించి, కొంత భృతీ ఒక మార్గదర్శినీ ఇవ్వడం ప్రభుత్వానికి భారం కాదు. ప్రతిభ లేదని అనే ముందు, చదువుకోవడానికి రోజుకు ఎన్ని గంటలు దొరికాయో అడగడం శాస్త్రీయ పద్ధతి.

అమ్మాయి 2024లో ఎమ్మెస్సీలో చేరింది. నెట్‌కు చదువుతోంది. పాసవుతుందో లేదో నేను చెప్పలేను, జ్యోతిష్యం నాకు రాదు. పాసవకపోతే మళ్లీ రాస్తుంది. ఆ ఏడాదికి కూడా తలా 500 పక్కన పెట్టుకున్నాం. మేం నలుగురమే ఉండేవాళ్లం. ఈసారి మేనమామ తనూ వేస్తానన్నాడు. వద్దనడానికి నాకు నోరు రాలేదు.